రోలర్ గదిలో ఎదురుమాట

ఆ వేసవి మొత్తంలో మా అత్తగారికీ నాకూ మధ్య ఒక్క మంచి మాట నడిచిన గుర్తు లేదు. ఇంట్లో అత్తగారు, పనిలో సూపర్వైజరు, రెండూ ఆవిడే అయితే కోడలికి ఊపిరి పీల్చుకునే చోటు ఎక్కడుంటుంది? పొద్దున నేను గిన్నెలు ఎంత దరిద్రంగా తోమానో చెప్పిన నోటితోనే మధ్యాహ్నం దుప్పటి ఎంత దరిద్రంగా పట్టుకున్నానో చెప్పేది. నేనూ ఏం తక్కువ తినలేదు. ఆవిడ ఒకటంటే నేను రెండు అనేదాన్ని. మా ఆయన అన్నం మెతుకులు లెక్కపెట్టుకుంటున్నట్టు తలొంచుకుని తినేవాడు.

మాది పెద్ద లాండ్రీ. హోటళ్ళవీ ఆసుపత్రులవీ దుప్పట్లు బండ్లకు బండ్లు వచ్చిపడేవి. వేసవిలో హోటళ్ళు నిండితే మా గదులు కూడా నిండేవి. నా పని రోలర్ దగ్గర. ఉతికిన తడి దుప్పటిని ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొసా పట్టుకుని రోలర్ నోటికి అందించాలి. ఆవిరితో కాలుతూ తిరిగే ఇనుప రోలర్ అది. దుప్పటిని లోపలికి లాక్కుని అటువైపు ఇస్త్రీ చేసి వదులుతుంది. దుప్పటిని లాక్కున్నట్టే దేన్నయినా లాక్కుంటుంది, దానికి తేడా తెలియదు. మా అత్తగారి ఎడమచేతి ఉంగరపు వేలు వయసులో ఉండగానే అలా పోయింది. దుప్పటి అంచు ఉంగరానికి పట్టుకుంది, ఉంగరమూ వేలూ కలిసే పోయాయి. ఎదురుగా అందరూ ఆవిడను పెద్దమ్మగారు అనేవాళ్ళు. వెనకాల మాత్రం తొమ్మిదివేళ్ళమ్మ.

అందుకని రోలర్ గది గుమ్మం పక్కన గోడకు ఒక చెక్కపలక, దాని నిండా మేకులు ఉండేవి. లోపలికి వెళ్ళే ముందు గాజులు, ఉంగరాలు, గొలుసులు, వాచీలు, ఏదున్నా తీసి ఎవరి మేకుకు వాళ్ళు తగిలించాలి. ఆవిడ గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి చేతులూ తిప్పి చూసి గాని వదిలేది కాదు.

ఎండలు మొదలవగానే నా చేతికి ఒక స్టీలు గొలుసు వచ్చింది. అదేం నగ కాదు. చిన్నప్పటి నుంచీ ఇన్సులిన్ సూది మీద బతుకుతున్న షుగర్ మనిషిని నేను. ఆ వేడికి నా షుగర్ ఉన్నట్టుండి పడిపోవటం మొదలైంది. ఒకసారి వంటింట్లో పడ్డాను. ఇంకోసారి బస్టాండులో. అక్కడి జనం నేను తాగి పడ్డాననుకుని పక్కనుంచి తప్పుకుని వెళ్ళారట. ఒక పెద్దాయన అయితే ఆగి మరీ నాకు బుద్ధి చెప్పాడట, స్పృహ లేనిదానికి. ఆ సంగతి విని డాక్టరమ్మ ఈ గొలుసు తెప్పించి తన చేత్తోనే నా మణికట్టుకు పెట్టింది. దాని బిళ్ళ మీద నా జబ్బు పేరు, నేను వాడే మందు, మా ఆయన ఫోను నంబరు చెక్కి ఉన్నాయి. స్నానం చేసేటప్పుడు కూడా తియ్యొద్దని గట్టిగా చెప్పింది.

తియ్యొద్దని ఆవిడ. తియ్యమని ఈవిడ.

"ఏంటది చేతికి?" అంది మా అత్తగారు గుమ్మంలో. తెలియక కాదు. పొద్దున నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగినప్పుడు చూసింది. పదిమందిలో అడిగితే ఆ రుచి వేరు.

డాక్టరమ్మ ఇచ్చిందనీ, తియ్యకూడదనీ చెప్పాను.

"మేకుకు తగిలించు."

"నేను లోపల పడిపోతే మేకు లేచొచ్చి చెబుతుందా అత్తయ్యా, దీనికి షుగరని?"

వరసలో ఉన్నవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ ఎడమచెయ్యి ఎత్తి నా మొహం ముందు పెట్టింది. లేని వేలిని చూపించి మాట్లాడటం ఆవిడకు అలవాటు. పప్పులో ఉప్పు ఎక్కువైందన్నా ఆ చెయ్యే చూపించేది.

"ఇది పోయినప్పుడు నాకు నొప్పి తెలియలేదు. చప్పుడు తెలిసింది," అంది నెమ్మదిగా. "ఆ చప్పుడు వినాలని ముచ్చటగా ఉంటే లోపలికి నడువు."

గొలుసు తీసి మేకుకు తగిలించాను. ఆవిడ మాటలో అబద్ధం లేదు. నా కడుపుమంట అంతా అదే. అబద్ధమైతే ఎంత హాయిగా పోట్లాడి ఉండేదాన్నో.

ఆ సాయంత్రం ఇంట్లో పంచాయతీ పెట్టింది. నేను పని మానేసి ఇంటిపట్టున ఉండాలట. నేను చస్తే మానను అన్నాను. పని చేసినంత కాలం నేను ఆ ఇంటికి కోడల్ని. మానేసిన మర్నాటి నుంచి మూల మంచం మీది రోగిని. ఏం తిన్నానో, ఎంత తిన్నానో, ఎప్పుడు పడుకున్నానో ఆవిడ కాపలా కాస్తుంటే ఆ బతుకు నాకొద్దు. మా ఆయన లాండ్రీ వ్యాను తోలేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరి మధ్యా కాసేపు నీళ్ళు నమిలి, పోనీ ఆ బిళ్ళను మెడలో వేసుకుంటే ఎలా ఉంటుందమ్మా అని అడిగాడు.

"నాకు వేలు పోతే ఇంకా తొమ్మిది మిగిలాయిరా," అంది ఆవిడ. "దీనికి ఎన్ని మెడలున్నాయి?"

మర్నాటి నుంచి ఆవిడ నోటికి అదుపు లేకుండా పోయింది. ఇంతకుముందు రోలర్ గదికి ఎప్పుడో ఒకసారి వచ్చేది. ఇప్పుడు గదంతా వదిలేసి తిరిగి తిరిగి నా దగ్గరికే రావటం. టోపీలోంచి జుట్టు బయటికొచ్చిందనేది. కొస వంకరగా ఉందనేది. నిద్రమొహం అనేది. నేను ఊరుకునేదాన్ని కాదు. కొస కాదు, మీ చూపే వంకర అనేదాన్ని. ఏదో ఒకటి అనిపించుకుని, మూతి ముడుచుకుని వెళ్ళిపోయేది. మళ్ళీ కాసేపటికి ప్రత్యక్షం. నా జతలో రెండో కొస పట్టుకునే పొడుగక్క బిత్తరపోయి చూసేది. పొడుగక్క అంటే ఆరడుగుల మనిషి, వెన్నలాంటి మనసు. దుప్పటి కింద పడితే దానికి కూడా అయ్యో అనే రకం. మీ అత్తగారికి నువ్వంటే ఇంత కక్ష ఏంటి చెల్లీ అని అడిగింది. పూర్వజన్మ బాకీ అక్కా అన్నాను.

మా ఆయనకు ఆ వారంలోనే ఒక ఉపాయం తట్టింది. బిళ్ళ బదులు ఏప్రాన్ మెడపట్టీ లోపల గుడ్డముక్క మీద రాసి కుట్టుకోమన్నాడు. గుడ్డ ఏ రోలర్‌కూ చిక్కుకోదు కదా అన్నాడు. పెళ్ళయ్యాక ఆయనకు తట్టిన మొదటి ఉపాయం కదా అని నేనూ మురిసిపోయాను. తెల్లగుడ్డ మీద ఎర్రదారంతో కుట్టాను. షుగర్ ఉంది, పడిపోతే పంచదార నీళ్ళు పట్టండి, అని.

మేమున్నది లాండ్రీలో అన్న సంగతి ఇద్దరం మర్చిపోయాం. మా ఏప్రాన్లు కూడా అక్కడే ఉతుకుతారు. పని దిగేటప్పుడు అందరివీ ఒకే తొట్టిలో వేస్తాం. పొద్దున ఉతికి ఆరినవి దండెం మీద ఉంటాయి, చేతికందింది తగిలించుకుని పోవటమే. అందరికీ ఒకటే కొలత, ఎవరిదంటూ ఏదీ ఉండదు. నేను ఎర్రదారం చూసుకుని నాది ఏరుకుందామని అందరికంటే ముందు వెళ్ళేదాన్ని. బాగానే జరిగింది, డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాల్సి వచ్చి నేను పని ఎగ్గొట్టిన రోజు దాకా.

ఆ రోజు నా ఏప్రాన్ పొడుగక్కకు దొరికింది. ఆవిడకు షుగరూ లేదు, ఏమీ లేదు. పొద్దున ఏమీ తినకుండా వచ్చి, ఆవిరి వేడికి తట్టుకోలేక బట్టలు మడిచే బల్ల దగ్గర కూలిపోయింది. మెడ దగ్గర బిగుతు వదులు చేద్దామని ఏప్రాన్ విప్పబోయినవాళ్ళకు నా ఎర్రదారం అక్షరాలు కనిపించాయి. అంతే, తలా ఒక చెయ్యి వేసి, దవడలు పట్టి తెరిచి, స్పృహలో లేని మనిషి నోట్లో పంచదార నీళ్ళు పోశారు. మంచి చేద్దామనే పోశారు. అవి కడుపులోకి పోలేదు, ఊపిరితిత్తుల్లోకి పోయాయి. ఎండకు సొమ్మసిల్లి కాసేపటికి తనే లేవాల్సిన మనిషి, జ్వరంతో ఆసుపత్రిలో పడింది.

సాయంత్రం మా అత్తగారు ఇంట్లోకి వస్తూనే ఆ ఏప్రాన్ తెచ్చి నా ఒళ్ళోకి విసిరికొట్టింది.

"పొడుగుదానికి షుగరెప్పుడొచ్చిందే?"

మా ఆయన ఆలోచన తనదని చెప్పబోయాడు. నీకు ఆలోచన కూడానా అని ఒక్క కసురు కసిరింది. ఎవరు కుట్టారో వాళ్ళను రేపటి నుంచి రానివ్వొద్దని మేనేజరు ఒంటికాలి మీద లేచాడట. రోలర్ గదిలో ఎవరుండాలో తను చూసుకుంటానని ఈవిడ చెప్పొచ్చిందట.

"నిన్ను పీకేసేది వాడు కాదు. పీకేస్తే నేనే పీకేస్తా," అంది. "పొడుగుది లేచొచ్చేదాకా దాని కొస నేను పట్టుకుంటా."

అంటే రోజంతా ఒకే దుప్పటికి ఆ కొసన ఆవిడ, ఈ కొసన నేను. అంతకంటే మేనేజరు పీకేసినా బాగుండేదనిపించింది. మర్నాడు పొడుగక్కను చూడటానికి ఆసుపత్రికి వెళ్ళాను. ఆవిడ దగ్గుతూనే నా చెయ్యి పట్టుకుని నువ్వు జాగ్రత్త చెల్లీ అంది. ఒక్క మాట తిట్టినా నా బరువు దిగేది.

అక్కడి నుంచి వస్తూ నాకు పంతం వచ్చింది. బట్టల మీద నమ్మకం పోయింది. మనుషుల మీద అంతకుముందే పోయింది. నా ప్రాణానికి ఉన్న సాక్ష్యం ఆ బిళ్ళ ఒక్కటే, అదేమో గోడకు వేలాడుతుంది. పైపు తగిలి చెయ్యి కాలిందని చెప్పి, మణికట్టు మీద గొలుసు ఉండగానే పైన గుడ్డ చుట్టి కట్టుకున్నాను. మా గదిలో చేతులు కాలటం మామూలే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఆవిడ గుమ్మంలో ఆ కట్టు వైపు చూసి, కాలిన చెయ్యి కదా అని వదిలేసింది. గెలిచాననుకున్నాను.

అది జరిగిన రోజు ఎండ పేలిపోతోంది. పైకప్పు రేకులు చిటపటమంటున్నాయి. హోటలు దుప్పట్లు తెమలటం లేదు. ఆవిడ తన పద్ధతిలో తను అంటూనే ఉంది. చేతుల్లో సత్తువ లేదా అంది. మీ ఇంట్లో తిండి అలాంటిది అన్నాను. ఇంకాసేపటికి దుప్పటి మీద చూపు పెట్టు అంది. మీ మీద పెడితే కళ్ళు పోతాయని అటే పెట్టానన్నాను. ఆ తర్వాత ఎంతసేపటికో తెలియదు, మీ అమ్మ నీకు దుప్పటి పట్టుకోవటం కూడా నేర్పలేదా అంది.

మా అమ్మ జోలికొస్తే నేను ఎవరినీ వదలను. ఊరంతా చెబుతుంది. కానీ అప్పుడు నేనేమన్నానో నాకు చక్కగా గుర్తుంది.

"అలాగేనండి అత్తయ్యా," అన్నాను.

దుప్పటి చాలా తెల్లగా ఉందనిపించింది. ఇక ఏమీ గుర్తులేదు.

కళ్ళు తెరిచేసరికి గది నిశ్శబ్దంగా ఉంది. రోలర్ ఆగిపోయి ఉంది. అది ఆగగా నేనెప్పుడూ చూడలేదు, దాని చప్పుడు లేకపోతే ఆ గది వేరే గదిలా ఉంది. ప్రమాదం వస్తే లాగటానికి పైన కట్టిన ఎర్రతాడు ఆవిడ కుడిచేతిలో ఉంది. ఎడమచేతి నాలుగు వేళ్ళూ నా జుట్టులో ఉన్నాయి. జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది కాబోలు, మాడు మండిపోతోంది. నా మణికట్టు మీది కట్టు ఊడి, దాని గుడ్డా గొలుసూ దుప్పటి అంచూ కలిసి మెలిపడి రోలర్ నోటి దగ్గర ఆగి ఉన్నాయి. ఇంకొక జానెడు పోతే నా చెయ్యి. లోపల ఇరుక్కున్న దుప్పటి మాడి కమురు వాసన వస్తోంది. ఆవిడ కత్తెరతో అంచు కోసి నన్ను విడిపించింది.

ఆడవాళ్ళు పంచదార నీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఎవరైనా నోట్లో పోశారో నరుకుతానంది. నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టి, గ్లాసు నా చేతికి అందించి, నీ అంతట నువ్వు పట్టుకోగలవా అని అడిగింది. మొదటిసారి జారిపోయింది. ఒకరిని వ్యాను కోసం తరిమి, మళ్ళీ అందించింది. ఈసారి పట్టుకున్నాను. గుటక పడటం కళ్ళారా చూశాకే గ్లాసంతా తాగనిచ్చింది.

డాక్టరమ్మ దగ్గర మంచం మీద కళ్ళు మూసుకుని పడుకున్నాను. తాడు లాగేంత ముందుగా మీకెలా తెలిసింది అని డాక్టరమ్మ ఆవిడను అడిగింది. చెమట పట్టిందా, కాళ్ళు తడబడ్డాయా అని.

"ఎదురు చెప్పలేదు," అంది మా అత్తగారు.

డాక్టరమ్మకు అర్థం కాలేదు.

"దీనికి షుగర్ పడితే మర్యాద వస్తుంది డాక్టరుగారూ. వంటింట్లో పడ్డ రోజు కూడా ఏదో అంటే అలాగేనండి అంది. ఇన్నాళ్ళకు దీనికి బుద్ధొచ్చిందిరా భగవంతుడా అనుకున్నా. వెనక్కి తిరిగేసరికి నేల మీద ఉంది. అప్పట్నుంచీ మధ్యమధ్య ఒకటి అని చూస్తున్నా. తిరిగి అంటే బాగున్నట్టు."

కళ్ళు మూసుకునే ఉన్నాను. కథల్లో అయితే ఈ చోట కోడలి కళ్ళు చెమర్చాలి. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. నా వేసవంతా, నేను రాత్రిళ్ళు పడుకుని కూడబెట్టుకున్న మంచి మంచి జవాబులన్నీ, ఈవిడకు నాడి చూడటానికి పనికొచ్చాయన్నమాట.

"మా అమ్మను అన్నది కూడా పరీక్షేనా?" అన్నాను కళ్ళు తెరవకుండా.

"కాదు. అది నిజంగానే అన్నాను," అంది.

మర్నాడు లేచేసరికి బల్ల మీద నా గొలుసు ముక్కలై ఉంది. పక్కనే పట్టకారు. బిళ్ళ లేదు. ఇల్లెగిరిపోయేలా అరిచాను. ఆవిడ జవాబివ్వకుండా నా పని బూట్లు తెచ్చి ముందు పడేసింది. బిళ్ళ కుడి బూటు మీద ఉంది. తాళ్ళ కింద అణిచి, దాని రెండు చిల్లుల్లోంచీ గట్టి దారం పోసి కుట్టింది. ఎక్కడా అంచు లేవలేదు, దేనికీ తగులుకోదు. తోలు కుట్టే సూది వేళ్ళకు గుచ్చుకున్న మచ్చలు ఆవిడ చేతి మీద కనిపిస్తూనే ఉన్నాయి.

"ఏప్రాన్లు మార్చుకుంటారు. బూట్లు ఎవరివి వాళ్ళవే," అంది.

"బాగుంది. రోడ్డు మీద పడితే నా బూట్లు ఎవడు చూస్తాడు?" అన్నాను. తప్పు పట్టటానికి దొరికింది కదా అని వదల్లేదు. డాక్టరమ్మ కూడా ఆ మాటే అంది. అంబులెన్సు వాళ్ళు ముందు మణికట్టూ మెడా చూస్తారట, బయట ఉన్నంతసేపూ చేతికి ఉండాల్సిందేనంది. ఇంకొక గొలుసు తెప్పించి ఇచ్చింది. రోలర్ గదిలోకి వెళ్ళేటప్పుడు అది మేకు మీద, బయటికి రాగానే నా చేతి మీద. గుమ్మంలో మా అత్తగారు చేతులు చూశాక బూట్లు కూడా చూడటం మొదలుపెట్టింది. ఎవరు పడినా ముందు బూట్లు చూడాలనీ, గ్లాసు పట్టుకోలేని మనిషి నోట్లో చుక్క కూడా పొయ్యకూడదనీ అందరి చేతా అప్పజెప్పించింది. నేను గొలుసు తగిలించి లోపలికి పోతుంటే, ఇవాళ మేకుతో మాట్లాడావా, అది లేచొచ్చి చెబుతానందా అని దెప్పేది. ఒక్క రోజు మర్చిపోలేదు.

తొలి వానలు పడ్డాక పొడుగక్క దగ్గు తగ్గి పనిలోకి వచ్చింది. అదే వారంలో మా అత్తగారిని ఊరవతల కట్టిన కొత్త లాండ్రీకి మార్చారు. చివరి రోజు ఆవిడ పొడుగక్కను తెచ్చి రోలర్ ముందు నాకు జతగా నిలబెట్టింది.

"దీన్ని తిట్టు," అంది.

"ఎందుకు పెద్దమ్మగారూ, పాపం," అంది పొడుగక్క.

"పాపమంటే చస్తుంది. తిట్టు."

పొడుగక్క రోలర్ వైపు చూసింది, పైకప్పు వైపు చూసింది. చాలాసేపు ఆలోచించి, నీ కొస కొంచెం వంకరగా ఉందేమో చెల్లీ అంది. అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మా అత్తగారు నుదురు కొట్టుకుంది. పొడుగక్క భుజం పట్టి కిందికి వంచి, చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ నా వైపు చూశారు. ఆవిడ వెళ్ళొస్తానని కూడా అనకుండా వెళ్ళిపోయింది.

మర్నాడు రోలర్ గది ప్రశాంతంగా ఉంది. నా టోపీ గురించి అడిగేవాళ్ళు లేరు. ఆ ప్రశాంతత నాకు అస్సలు నచ్చలేదు. వెనక్కి వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూస్తూ పనిచేశాను. కాసేపటికి ఆ కొస నుంచి పొడుగక్క గొంతు సవరించుకుంది.

"మీ అత్తగారు చాలా మంచావిడ, చెల్లీ," అంది.

"ఎవరు, ఆవిడా?" అన్నాను. "నిన్న వెళ్ళేటప్పుడు ఒక్క మాట చెప్పి వెళ్ళిందా? నా జుట్టు పీకిన చోట ఇంకా మొలవలేదు. మా అమ్మను అన్నమాట ఇవాళ్టికీ వెనక్కి తీసుకోలేదు. మంచావిడట, మంచావిడ! నువ్వొచ్చి ఒక్క పూట మా ఇంట్లో గిన్నెలు తోము, తెలుస్తుంది."

పొడుగక్క హమ్మయ్య అనుకుని తర్వాతి దుప్పటి కొస అందుకుంది.